వైద్యవిద్యా ప్రవేశము

అమెరికాలో విద్యార్థి మొదట పట్టభద్రుడై, పిమ్మట వైద్య కళాశాలలో చేరుట సామాన్య పద్ధతి. ఈ రెంటికిని ఒకేసారి ప్రవేశమిచ్చు సంయుక్త విద్యాక్రమములును అక్కడ కొన్ని కలవు. మన దేశమున ఇంటర్మీడియట్ బై.పి.సి. ముగియగానే ఎం.బి.బి.ఎస్.లో చేరవచ్చును. నాలుగున్నరేండ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినవారు వైద్యులగుదురు.

ఇందులకు నీట్ పరీక్ష తప్పనిసరి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగము ప్రశ్నలు జీవశాస్త్రమువే. తప్పు సమాధానమునకు ఒక మార్కు పోవును. ఈ పరీక్షను 2017 నుండి తెలుగులోను, 2018 నుండి ఉర్దూలోను వ్రాయవచ్చును. అయితే అనువాదమున సందేహము కలిగినచో ఆంగ్ల ప్రశ్నయే ప్రమాణము. కావున శాస్త్రపదములను ఆంగ్లములో కూడ నేర్చుకొనవలెను.

ర్యాంకు వచ్చినంత మాత్రమున సీటు రాదు. ప్రభుత్వ కళాశాలలలో 15 శాతము సీట్లు అఖిల భారత కోటాకు చెందును. రాష్ట్ర కోటాకై వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు వేరుగా దరఖాస్తు చేయవలెను. ముస్లిం విద్యార్థులు మరియొక సంగతి గుర్తింపవలెను. మైనారిటీ కళాశాలలలోని సీటు వేరు, బి.సి.–ఇ వర్గమునకు గల 4 శాతము రిజర్వేషను వేరు. మొదటిదానికి మైనారిటీ అభ్యర్థియను ఆధారము, రెండవదానికి కుల ధ్రువపత్రము కావలెను. ఒకటి మరొకదానికి బదులు కాజాలదు. వీనిని పరీక్షకు ముందే సిద్ధపరచుకొనవలెను.

ఒకప్పుడు లక్సెట్టిపేట విద్యార్థి వైద్యవిద్యకై వరంగల్లుకో, హైదరాబాదుకో పోవలసియుండెను. 2008లో ఆదిలాబాదున, 2022లో మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. కళాశాల చేరువైనది, ఇక ఒక్క కాగితము లేనందున అర్హులైన విద్యార్థులు దూరము కారాదు. ప్రతి సంవత్సరము ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సర విద్యార్థులకు ఈ విషయములు ముందుగా తెలియజెప్పు ఏర్పాటును కళాశాల కమిటీవారు చేయుదురుగాక.