కొత్త ఫోన్ డబ్బుతో పద్నాలుగు చక్రాల లారీ: స్క్రాచ్ నుంచి ఆర్‌సీ ట్రక్ ఇలా కట్టాను

ఈసారి నా బల్ల మీద ఫోన్ లేదు. ఫోన్ కోసం దాచిన డబ్బుతో కట్టిన లారీ ఉంది. పొడవు మీటరు పైనే. పద్నాలుగు చక్రాలు, వెనక తెల్లటి రీఫర్ కంటైనర్. ఇది కిట్ కాదు. త్రీడీ ప్రింటర్ కూడా వాడలేదు. జంగారెడ్డిగూడెంలో దొరికిన సామాను, ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎలక్ట్రానిక్స్, ఐదు నెలల సాయంత్రాలు... అంతే. "ఉన్న ఫోన్ స్క్రీన్ పగిలిందని ఏడ్చి, ఇప్పుడు బొమ్మ లారీ కడతావా?" అని అమ్మ అడిగింది. దానికి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు.

కిట్ ఎందుకు కొనలేదు?

ఈ హాబీలో పెద్ద పేరు జపాన్ కంపెనీ టమియాది. 1993లో కింగ్ హాలర్ అనే ట్రక్ కిట్ తెచ్చింది. స్కేలు 1:14, లోపల మూడు గేర్లు, రిమోట్‌తోనే గేరు మార్చొచ్చు. ఇప్పటికీ చాలామంది ట్రక్ మోడలర్లు ఇదే స్కేలు వాడతారు. కానీ అలాంటి కిట్ డ్యూటీతో కలిపి మన చేతికి వచ్చేసరికి నలభై వేలు దాటుతుంది. రేడియో, స్పీడ్ కంట్రోలర్ మళ్లీ విడిగా కొనాలి. పైగా అది అమెరికా బండి. నాకు కావలసింది మా మావయ్య నడిపే బండి. భీమవరం వైపు నుంచి ఫ్రీజ్ చేసిన రొయ్యల్ని విశాఖ పోర్టుకు తీసుకెళ్లే నలభై అడుగుల రీఫర్.

ఇంకో మాట. స్క్రాచ్ బిల్డ్ అంటే ఏదో విదేశీ విద్య అనుకోకండి. మన లారీలు ఎన్నో కంపెనీ నుంచి చాసిస్‌గానే బయటికొచ్చేవి. చెక్క, రేకు, వెల్డింగ్ కలిపి బాడీ కట్టేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లే. నేను చేసిందీ అదే పని, పద్నాలుగో వంతు సైజులో.

ముందు టేపు, తర్వాతే కత్తెర

మావయ్య బండి తాడేపల్లిగూడెం దగ్గర ధాబాలో ఆగినప్పుడు టేపు పట్టుకుని వెళ్లాను. నలభై అడుగుల కంటైనర్ పొడవు 12.19 మీటర్లు. 14తో భాగిస్తే 871 మిల్లీమీటర్లు. వెడల్పు 174, ఎత్తు 207. క్యాబిన్, చక్రాలు, బంపరు అన్నీ కొలిచాను. ఒక్కటి మాత్రం కొలవలేదు. కంటైనర్ కింద దాగి ఉండే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ పిన్ వచ్చి కూర్చునే ఆ ఇనుప పళ్లెం కనపడలేదు కాబట్టి ఫొటోలు చూసి అంచనా వేసేశాను. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఏది దేనితో చేశాను?

చాసిస్: అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిన సి-ఛానల్ ముక్కలు.

కంటైనర్: ఫ్లెక్స్ బోర్డుల వాళ్లు వాడే 5 మి.మీ. సన్‌బోర్డ్. తెల్లగా ఉంటుంది, రీఫర్‌కి రంగు ఖర్చు కూడా తగ్గింది.

క్యాబిన్: 2 మి.మీ. ప్లాస్టిక్ షీటు, ఫెవిక్విక్, పైన కార్లకి వాడే పుట్టీ. మొదటి క్యాబిన్ వంకరొచ్చింది, పారేశాను. రెండోది నిలబడింది.

చక్రాలు: 63 మి.మీ. పీవీసీ పైపు ముక్కల చుట్టూ 6 మి.మీ. రబ్బరు షీటు అతికిస్తే సరిగ్గా 75 మి.మీ. వచ్చింది. చిన్నప్పుడు పాత చెప్పులు గుండ్రంగా కోసి బండి చక్రాలు చేసుకున్నాం కదా, అదే టెక్నిక్!

ఎలక్ట్రానిక్స్: ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రేడియో, గేర్ మోటారు, స్టీరింగ్‌కి ఎంజీ996ఆర్ సర్వో, మూడు 18650 సెల్స్ బీఎంఎస్‌తో. ఇంజిన్ శబ్దం కోసం ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న స్పీకర్. యాక్సిలరేటర్ పెంచితే శబ్దం కూడా పెరుగుతుంది.

స్పీడు లెక్క చూడండి. గేర్లన్నీ దాటి చక్రం దగ్గరికి నిమిషానికి 300 చుట్లు వస్తాయి. అంటే గంటకు సుమారు 4.2 కిలోమీటర్లు. 14తో గుణిస్తే 59. లోడు లారీ వేగం అంతే కదా! ఆర్‌సీ ట్రక్ పరిగెత్తితే బొమ్మలా కనపడుతుంది, నిదానంగా కదిలితేనే లారీలా ఉంటుంది.

బరువు సంగతి వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 14తో మూడుసార్లు భాగించాలి. నలభై టన్నుల బండి పద్నాలుగున్నర కిలోలు అవుతుంది. నా బండికి అంత ఓపిక లేదు. నాలుగు కిలోల బియ్యంతో మొదలుపెట్టాను.

అసలు సమస్య

ఖాళీ బండి బ్రహ్మాండంగా తిరిగింది. బియ్యం వేశాక మాత్రం ముందు చక్రాలు పూర్తిగా తిప్పినా డాబా మీద నేరుగా వెళ్లి పిట్టగోడని గుద్దింది. సర్వో బలహీనంగా ఉందనుకుని కొత్తది కొన్నాను. అదే కథ. టైర్లు జారుతున్నాయనుకుని ముందు చక్రాల రబ్బరు మార్చాను. అదే కథ. పదకొండు వేలు దాటిన ఖర్చు కళ్ల ముందు తిరిగింది. అమ్మ ఏమీ అనలేదు, అదింకా కష్టంగా అనిపించింది.

సంక్రాంతికి మావయ్య వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కంటైనర్ కిందకి చూశాడు.

"ఏరా అల్లుడూ, పళ్లెం యాక్సిల్‌కి వెనకాల పెట్టావేంట్రా? లోడు పడితే బండి ముందుకాళ్లు ఎత్తదూ?"

"మలుపులో కంటైనర్ మూల క్యాబిన్‌కి కొట్టుకుంటుందేమోనని వెనక్కి జరిపాను మావయ్యా."

"కొట్టుకుంటుందో లేదో కొలిచావా?"

కొలవలేదు. అప్పుడు కొలిచాను. పిన్ నుంచి కంటైనర్ ముందు అంచుకి 117 మి.మీ., వెడల్పులో సగం 87. స్కూల్లో చదివిన పైథాగరస్ ప్రకారం మూల తిరిగే దూరం 146. పళ్లేన్ని 30 మి.మీ. ముందుకు జరిపినా క్యాబిన్ వెనక గోడ 185 దూరంలో ఉంటుంది. ఇంకా 39 మి.మీ. ఖాళీ! నా భయానికి ఆధారమే లేదు.

వంటింటి కాటా తెచ్చి ముందు యాక్సిల్ తూచాం. ట్రైలర్ లేకుండా 500 గ్రాములు. పిన్ మీద పడే బరువు 2 కిలోలు. పళ్లెం యాక్సిల్‌కి 15 మి.మీ. వెనక ఉన్నప్పుడు ముందు బరువు 380కి పడిపోయింది. అదే 15 మి.మీ. ముందుకు బిగిస్తే 620. తూగుడుబల్ల సూత్రమే. ఇరుసుకి అవతల బరువు పెడితే ఇవతలి కొస తేలుతుంది. సర్వో మార్చినందుకు డబ్బులు పోయాయి. అసలు మందు నాలుగు కొత్త రంధ్రాలు.

ఖర్చు ఎంత?

రేడియో, రిసీవర్ 4,800. మోటారు, స్పీడ్ కంట్రోలర్ 1,900. రెండు సర్వోలు 800. శబ్దం బోర్డు, స్పీకర్ 900. బ్యాటరీ, ఛార్జర్ 1,500. అల్యూమినియం, సన్‌బోర్డ్, బేరింగులు, రంగులు 2,200. మొత్తం 12,100 రూపాయలు. మీరు మొదలుపెడితే రేడియో ముందు కొనండి, తర్వాత ఏ మోడల్‌కైనా పనికొస్తుంది. 18650 సెల్స్‌ని బీఎంఎస్ లేకుండా మాత్రం వాడకండి.

చివరి మాట

పళ్లెం మార్చాక చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాం. రిమోట్ మావయ్య చేతికిచ్చాను. ఆయన రిమోట్ పట్టుకోవడం అదే మొదటిసారి. రెండు పూలకుండీల మధ్య రివర్స్ పెట్టాలి. ట్రైలర్ ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. నాకు యాభైసార్లు ప్రయత్నించినా కుదరలేదు. ఆయన కుడికి కొంచెం తిప్పి, ట్రైలర్ మళ్లగానే ఎడమకి తిప్పి దాని వెంట బండిని పోనిచ్చాడు. ఒక్కసారికే లోపలికెళ్లింది.

"ఇప్పుడు లారీ అయ్యింది" అన్నాడు. అమ్మ కూడా వచ్చి చూసింది. "ఆ బియ్యం మాత్రం తిరిగి డబ్బాలో పొయ్యి" అంది.

ఫోన్ స్క్రీన్ ఇంకా పగిలే ఉంది. మావయ్య రివర్స్ పెడుతున్న వీడియో ఆ ఫోన్‌తోనే తీశాను.