గోడ లేదు... గడప దాటలేరు

చుట్టూ కొండలు. దగ్గర్లోనే నది. పచ్చిక మధ్య ఇటుక భవనాలు. దూరం నుంచి చూస్తే ఏ ఆడపిల్లల కాలేజీయో అనుకుంటాం. కానీ అది జైలు! అమెరికా కేంద్ర ప్రభుత్వం మహిళల కోసమే కట్టిన మొట్టమొదటి జైలు. ఎత్తయిన గోడలూ తుపాకుల పహరా లేని అలాంటి చోట శిక్ష అనుభవించడమంటే ఎలా ఉంటుంది?

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో గ్రీన్‌బ్రయర్ నది ఒడ్డున ఆల్డర్సన్ అనే చిన్న ఊరుంది. 1927లో ఈ జైలు అక్కడ మొదలైంది. అంతకుముందు ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడిన ఆడవాళ్లను రాష్ట్రాల జైళ్లలో ఎక్కడో ఒకచోట సర్దేవారు. తొలి సూపరింటెండెంటు మేరీ బెల్ హారిస్‌ది మరో దారి. గదిలో పెట్టి తాళం వేయడం కన్నా పని నేర్పి పంపడం మేలని ఆవిడ నమ్మింది. సెల్లులకు బదులు కాటేజీలు కట్టారు. పొలం పనీ చదువూ నేర్పారు. 1947లో మాదకద్రవ్యాల కేసులో శిక్షపడి వచ్చిన ప్రఖ్యాత గాయని బిల్లీ హాలిడే కూడా ఇక్కడే ఉంది. ఉన్నన్నాళ్లూ ఒక్క పాటా పాడలేదని ఆ తర్వాత ఆత్మకథలో చెప్పుకుంది.

వంటలూ ఇంటి అలంకరణా నేర్పి కోట్లు గడించిన మార్తా స్టివార్ట్ 2004 అక్టోబరులో ఐదు నెలల శిక్షకు ఇక్కడికే వచ్చింది. షేర్ల అమ్మకం గురించి దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పిందన్నది కేసు. పత్రికలవాళ్లు ఈ జైలుకు ‘క్యాంప్ కప్‌కేక్’ అని ముద్దుపేరు పెట్టేశారు. ఆ పేరు విన్నవాళ్లకు లోపల అంతా తీపే అనిపిస్తుంది మరి!

తనకు తానే గేటు దగ్గరికి...

ఈ జైళ్లకు వచ్చేవాళ్లలో చాలామందిని పోలీసులు తీసుకురారు. ఫలానా రోజు ఫలానా వేళకు వచ్చి లొంగిపొమ్మని కోర్టు చెబుతుంది. రక్తపరీక్షల పేరుతో ఇన్వెస్టర్లను మోసగించిన కేసులో 11 ఏళ్లకు పైగా శిక్షపడిన ఎలిజబెత్ హోమ్స్ కూడా 2023 మే 30న టెక్సస్‌లోని బ్రయాన్ జైలుకు అలాగే నడిచి వెళ్లింది. అప్పటికి ఆమె రెండో బిడ్డ నెలల పాప.

రాళ్లు పొదగని పెళ్లి ఉంగరం, కళ్లజోడు లాంటివి తప్ప వెంట తెచ్చినవేవీ లోపలికి రావు. ఒంటి మీది బట్టలన్నీ విప్పించి సోదా చేస్తారు. జైలు దుస్తులూ ఎనిమిది అంకెల నంబరూ ఇస్తారు. ఆ నంబరులో చివరి మూడు అంకెలు చూస్తే ఏ ప్రాంతపు కోర్టు నుంచి వచ్చిందో సిబ్బందికి తెలిసిపోతుంది.

మరి ఎవరు పడితే వాళ్లను ఇక్కడికి పంపుతారా? లేదు. హింసాత్మక నేర చరిత్ర ఉండకూడదు. మిగిలిన శిక్ష సాధారణంగా పదేళ్ల లోపుండాలి. మనవాళ్లకు పెద్దగా తెలియని సంగతి ఇంకోటుంది. అమెరికా పౌరసత్వం లేక, శిక్ష తర్వాత దేశం నుంచి పంపేసే అవకాశం ఉన్నవారిని మామూలుగా ఈ క్యాంపుల్లో ఉంచరు. అంటే వీసా మీద వెళ్లిన మన అమ్మాయి ఫెడరల్ కేసులో చిక్కుకుంటే నేరం చిన్నదైనా కంచె ఉన్న జైలుకే వెళ్లాల్సి వస్తుంది.

సాయంత్రం నాలుగింటికి

లోపల పెద్ద హాళ్లలో బంకు మంచాలు. ఒంటరిగా ఉండే వీలు దాదాపు ఉండదు. రోజుకు కనీసం ఐదుసార్లు లెక్క పెడతారు. అర్ధరాత్రి నిద్రలో ఉండగానే టార్చిలైటు వెలుగు మంచాల మీదుగా కదిలిపోతుంది. సాయంత్రం నాలుగింటి లెక్కకు మాత్రం ఎవరి మంచం దగ్గర వాళ్లు లేచి నిలబడాలి.

ఆరోగ్యం బాగున్నవాళ్లంతా పనిచేయాల్సిందే. వంటిల్లు, తోట, లాండ్రీ, మరమ్మతులు. కూలి గంటకు 12 నుంచి 40 సెంట్లు. తనంతట తాను డాక్టరును చూడాలని వెళితే చేతిలో డబ్బున్న ఖైదీ 2 డాలర్లు కట్టాలి. అడుగు కూలి తీసుకునే మనిషికి అది పదహారు గంటల పైచిలుకు కష్టం! షాంపూ కాఫీపొడీ కూడా జైలు దుకాణంలో కొనుక్కోవాల్సిందే కాబట్టి ఇంటి నుంచి మనియార్డరు వచ్చేవాళ్ల బతుకు వేరు, రానివాళ్ల బతుకు వేరు.

కంచె లేదు కదా అని నడిచి బయటికెళ్లిపోతే? అదీ జైలు నుంచి పారిపోవడమే. మరో ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు, అప్పుడు గోడలున్న జైలే గతి. అధ్యక్షుడు ఫోర్డ్‌పై హత్యాయత్నం కేసులో ఆల్డర్సన్‌లో ఉన్న లినెట్ ఫ్రామ్ 1987 క్రిస్మస్ ముందు తప్పించుకుంది. రెండు రోజుల్లోనే దొరికిపోయింది. పెరోల్ మీద ఆశా లేదు. 1987 నవంబరు తర్వాతి నేరాలకు ఫెడరల్ జైళ్లలో పెరోలు ఎత్తేశారు. బుద్ధిగా ఉంటే ఏడాదికి 54 రోజుల దాకా తగ్గుతుంది. 2018 చట్టం వచ్చాక తరగతులకూ శిక్షణలకూ హాజరైతే అర్హులకు ఇంకొన్ని రోజులు కలిసొస్తున్నాయి.

అమ్మతో ఐదు నిమిషాలు

తిండీ పనీ ఎలాగోలా అలవాటవుతాయి. అలవాటు కానిది పిల్లల ఎడబాటు. నెలకు 300 నిమిషాల ఫోను అన్నది ఏళ్ల తరబడి ఉన్న నియమం. అంటే రోజుకు పది నిమిషాలు. ఇద్దరు పిల్లలుంటే ఒక్కొక్కరికి ఐదు. బడిలో ఏమైందో ఒకరు చెప్పేలోగా రెండోవారి వంతు అయిపోతుంది! 2020లో కరోనా వేళ ములాఖత్‌లు ఆపేసినప్పుడు ఆ నిమిషాలను పెంచారు.

గర్భిణిగా జైలుకొస్తే ప్రసవం బయటి ఆసుపత్రిలో చేయిస్తారు. బిడ్డను మాత్రం జైల్లోకి రానివ్వరు. అర్హత ఉన్న కొందరిని ఒక ప్రత్యేక పథకం కింద బయటి వసతి గృహంలో ఉంచి, సాధారణంగా మూడు నెలలు పాపతో గడపనిస్తారు. ఆ తర్వాత బిడ్డ అమ్మమ్మ దగ్గరికో ఇంకెవరి ఇంటికో, తల్లి జైలుకు. మన దగ్గర ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గర జైల్లో ఉండొచ్చు. 2006లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పిన కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పసివాడు జైల్లో పెరగడం మంచిదా, తల్లికి దూరంగా పెరగడం మంచిదా అంటే జవాబు తేలిక కాదు. కానీ మూడు నెలల పాపను చేతుల్లోంచి తీసుకునే పద్ధతి కన్నా మనదే నయమనిపిస్తుంది.

ములాఖత్‌లో వచ్చినప్పుడొకసారీ వెళ్లేటప్పుడొకసారీ కావలించుకోవచ్చు. అసలు రావడమే కష్టం. వీలైనంతవరకూ ఇంటికి 500 మైళ్లలోపు జైల్లో పెట్టాలని 2018 చట్టం చెబుతోంది. 500 మైళ్లంటే ఇంచుమించు విజయవాడ నుంచి భువనేశ్వర్! ఆ కాస్త సమయం కోసం మనవణ్ని వెంటేసుకుని అంత దూరం వచ్చే అమ్మమ్మకు రాత్రి బస కూడా ఖర్చే. అది చూసే 1970ల్లో ఆల్డర్సన్ ఊళ్లో కొందరు కలిసి ఒక ఇంటిని తెరిచారు. ఖైదీలను చూడటానికొచ్చేవాళ్లకు అక్కడ పడకా భోజనమూ ఉచితంగా ఇచ్చేవారు. పిల్లలు రాత్రికి అక్కడ పడుకుని, తెల్లారాక అమ్మను చూడటానికి వెళ్లేవారు.