నమ్దాకు లేసు అంచు

ఖుర్ఆన్ గ్రంథానికి జుజ్‌దాన్ కుట్టడం, జానమాజ్ అంచులు సవరించడం, పిల్లల టోపీలు అల్లడం మన ఇండ్లలో కొత్త పనులు కావు. నానీ పెట్టెలోని క్రోషియా సూది అమ్మ చేతికి, అమ్మ నుండి కూతురి చేతికి చేరుతూనే ఉంది. ఆ సూదికి ఉన్ని నమ్దాను తోడు చేస్తే ఎంత అందమైన, మన్నికగల వస్తువులు తయారవుతాయో ఈ నెల పరిశీలిద్దాము.

నమ్దాలో నేత లేదు, అల్లిక లేదు. గొర్రె ఉన్ని పోగుపై కంటికి కనిపించని పొలుసులుంటాయి. గోరువెచ్చని సబ్బు నీటితో తడిపి, ఒత్తి, చుట్టి దొర్లించినపుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని దట్టమైన వస్త్రమవుతాయి. కశ్మీరు, రాజస్థాన్‌లోని టోంక్ ఈ కళకు ప్రసిద్ధి.

ఓరుగల్లు నేల పరుపు వస్త్రాలకు పేరుపడ్డది. ఇక్కడి తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనలో చోటు పొందాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెలంగాణ పల్లెల్లో కురుమ కుటుంబాలు దక్కనీ గొర్రె ఉన్నితో, చింతగింజల గంజి పట్టించిన పోగులతో గొంగళ్లు నేశాయి. ఈ ముతక ఉన్ని ఒక్కటే నమ్దాగా సులభంగా బిగుసుకోదు. మెత్తని ఉన్ని కలిపితే పని తేలికవుతుంది. ముతకదనం జానమాజ్ అడుగు పొరకు మేలే.

ఈ రెండు కళలను కలిపేటపుడు క్రమం ముఖ్యము. ముందు నమ్దాను పూర్తిగా తయారుచేసి, కడిగి, ఆరబెట్టాలి. ఆ తరువాతనే అంచు అల్లాలి. తడిసి ఒరుసుకున్నపుడు ఉన్ని ముడుచుకుంటుంది, నూలు దారం అంతగా ముడుచుకోదు. క్రమం తప్పితే అంచు అలలు తేలుతుంది. నమ్దా దట్టమైనది గనుక క్రోషియా సూది నేరుగా దిగదు. మొదట మామూలు సూదితో అంచు చుట్టూ సమాన దూరంలో బ్లాంకెట్ కుట్టు వేయాలి. ఆ కుట్ల నుండి క్రోషియా వరుస ఎత్తాలి. మూలల వద్ద ఒక్కొక్క కుట్టులో మూడు అల్లికలు వేస్తే మూల లాగుకోకుండా చదునుగా నిలుస్తుంది. అక్రిలిక్ దారం ఎన్నిసార్లు రుద్దినా నమ్దాగా మారదని గుర్తుంచుకోవాలి. ఉతికేటపుడు చల్లని నీరు వాడి, పిండక, పరచి ఆరబెట్టాలి.

ఇక అసలు విషయము. పశ్చిమ గోదావరిలోని నర్సాపురం క్రోషియా లేసు దేశదేశాలకు వెళ్లింది. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని ఆ లేసు అల్లే స్త్రీలను గురించి జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం ఒక చేదు నిజాన్ని చూపింది. ఇంట్లో కూర్చొని చేసే పనిని ‘తీరిక వేళ పని’గా లెక్కగట్టినందున వారి గంటల శ్రమకు విలువ దక్కలేదు, లాభం వ్యాపారుల చేతికి పోయింది.

మన ఆడబిడ్డలు అదే దారిలో పడరాదు. ఉదాహరణకు, ఒక జుజ్‌దాన్‌కు పది గంటలు పట్టి, ముడిసరుకుకు 100 రూపాయలు ఖర్చయి, 300కు అమ్ముడైతే గంటకు దక్కినది 20 రూపాయలే. అందుచేత దారం, ఉన్ని ఖర్చుతోపాటు గంటలను కూడ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ధర చెప్పేటపుడు ఆ పుస్తకమే మీ తరపున మాట్లాడుతుంది. ఇంటివారు కూడ, ‘ఖాళీగా ఉన్నావు కదా, అల్లిపెట్టు’ అనడానికి ముందు ఆ పుట ఒకసారి చూడాలి.

తొలి ప్రయత్నంగా జానెడు నమ్దా ముక్కతో ఒక చిన్న సంచి కుట్టి, చుట్టూ ఒక వరుస లేసు అల్లండి. చేయి కుదిరిన పిమ్మట జానమాజ్‌కు పూనుకోండి.