నింద కంట్రోలర్‌ మీద, లోపం ప్లగ్గులో

పాత డీజిల్ ట్రక్కు పొద్దున్నే స్టార్టు కాకుండా మొరాయిస్తే చాలామంది ముందు అనుమానించేది చల్లని ఇంజనును వేడిచేసే గ్లో ప్లగ్గులకు కరెంటు పంపే కంట్రోలర్‌నే. ఇంజను మీద కళ్లెదురుగా ఉంటుంది, ధర ఎక్కువ, పైగా టకటకమని చప్పుడు చేస్తుంది. దాంతో దాన్ని పీకేసి కొత్తది బిగించడమో, అసలు కంట్రోలరే వద్దని డ్యాష్‌బోర్డు మీద ఓ బటన్ పెట్టుకోవడమో చేస్తారు. ఈ రెండు పనులూ చాలాసార్లు తొందరపాటే. కంట్రోలర్ చేసే ఆ చప్పుడు దాని జబ్బు కాకపోవచ్చు. ప్లగ్గులు పోయాయని అది చెబుతున్న కబురే కావచ్చు.

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350 ట్రక్కులనే తీసుకుందాం. 1983 నుంచి 1994 వరకు వీటిలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ (తర్వాత నావిస్టార్ అయింది) తయారుచేసిన ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజన్లు ఉండేవి. మొదట 6.9 లీటర్లది, 1988 మోడల్ నుంచి 7.3 లీటర్లది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కానీ ఈ తరహా ఇంజన్లలో డీజిల్ సరాసరి సిలిండర్లో పడదు, దాని పక్కనున్న చిన్న గదిలో పడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలే వేడినంతా పీల్చేస్తాయి. గాలిని ఇరవై వంతులకు పైగా కుదించినా మంటకు చాలినంత వేడి మిగలదు. ఆ లోటు తీర్చడానికే గదికొకటి చొప్పున ఎనిమిది గ్లో ప్లగ్గులు. మనవైపు పాత ప్యుజో డీజిల్ జీపుల్లో మెకానిక్కులు హీటర్ ప్లగ్గులనేవి ఇవే. మంచు కురిసే దేశాలకే ఇవి అవసరమనుకుంటే పొరపాటు. ఇలాంటి ఇంజను రాత్రంతా ఆగి చల్లబడితే, ఎండాకాలంలోనైనా పొద్దున వీటి సాయం కోరుతుంది.

కంట్రోలర్ పనితీరు చూస్తే నా వాదన తేలిగ్గా అర్థమవుతుంది. 7.3 ఇంజను మీదున్న కంట్రోలర్లో కరెంటును కలిపి విడదీసే రిలేకీ ప్లగ్గులకీ నడుమ వంకర్లు తిరిగిన లోహపు పట్టీ ఒకటి బయటికే కనిపిస్తుంది. ప్లగ్గులకు వెళ్లే కరెంటంతా దాని గుండానే పోవాలి. ఎనిమిదీ కలిసి తొలి క్షణాల్లో లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. ప్లగ్గు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. పట్టీ రెండు కొసల మధ్య వోల్టేజీ ఎంత పడిందో చూసి కంట్రోలర్ ఆ తగ్గుదలను పసిగడుతుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, ప్లగ్గులు కాలాయో లేదో అది కరెంటును బట్టి చూస్తుంది. ఇప్పుడు రెండు ప్లగ్గులు లోపల తెగిపోయాయనుకోండి. తాళం తిప్పగానే కరెంటు తక్కువగానే పోతుంది. ప్లగ్గులన్నీ అప్పుడే వేడెక్కాయని లెక్కకట్టి కంట్రోలర్ రిలేను వదిలేస్తుంది. డ్యాష్‌బోర్డు మీది వెయిట్ టు స్టార్ట్ దీపం కొన్ని సెకన్లపాటు వెలగాల్సింది రెప్పపాటులో ఆరిపోతుంది. ఆ వెంటనే రిలే టకటక కొట్టుకుంటుంది. బాగున్న ఆరు ప్లగ్గులకూ చాలినంత వేడి అందదు. కంట్రోలర్ పోయిందని తీర్పు చెప్పేది సరిగ్గా ఇక్కడే.

ఈ తీర్పు సరైనదో కాదో తేల్చడానికి కొత్త భాగమేదీ కొననక్కర్లేదు. ప్లగ్గుల వైర్లు ఊడదీసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించి, మొనను ఒక్కో ప్లగ్గు మీద పెట్టి చూడాలి. దీపం వెలగకపోతే ఆ ప్లగ్గు లోపల తెగినట్టే. మల్టీమీటరుతో చూస్తే మంచి ప్లగ్గు నిరోధం రెండు ఓములు కూడా ఉండదు. వైర్ల కొసలు కూడా పట్టి చూడాలి. ఇంజను వేడికి ఏళ్ల తరబడి ఎండిన కనెక్టర్లు చేతిలోనే విరిగిపోతుంటాయి.

అయితే కంట్రోలర్ ఎప్పుడూ నిర్దోషి అని కాదు. ఒకటో రెండో పోతే అది ప్లగ్గుల వయసు. ఎనిమిదీ ఒక్కసారే పోయినా, బయటికి తీసినప్పుడు మొనలు ఉబ్బి కనిపించినా, రిలే అతుక్కుపోయి కరెంటు ఆగకుండా పారిందని అనుమానించాలి. అలాంటప్పుడు కంట్రోలర్‌ సంగతి చూడకుండా కొత్త ప్లగ్గులు బిగిస్తే అవీ బూడిదే. వెయిట్ టు స్టార్ట్ దీపం వెలుగుతున్నంతసేపూ రిలే ఒక వైపు బ్యాటరీ వోల్టేజీ ఉండి రెండో వైపు లేకపోతే, అప్పుడు మాత్రం కంట్రోలర్ మార్చాల్సిందే.

ప్లగ్గులు మార్చేటప్పుడు సాధారణంగా అన్నీ కలిపి మార్చడమే మంచిది. ఒక్కటి పోతే ఎనిమిదీ ఎందుకు మార్చాలి, ఇది దుబారా కాదా అని అడగొచ్చు. ఏడూ పరీక్షలో నెగ్గాయి కదా అన్నది న్యాయమైన మాటే. కానీ అవన్నీ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. ఈ కంట్రోలర్ మొత్తం కరెంటును చూస్తుందే తప్ప ఒక్కో ప్లగ్గును విడిగా చూడదు కాబట్టి, రేపు మరొకటి పోతే మిగతా ఏడింటికీ వేడి కరువే. ఇటీవలే మార్చిన సెట్టులో ఒకటి పోతే ఆ ఒక్కటి మార్చుకోవడంలో తప్పులేదు. ప్లగ్గులు ఎన్నేళ్లవో తెలియనప్పుడు మాత్రం సెట్టు మొత్తం మార్చడమే మేలు. ఇక్కడ చౌకరకం జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. అలాంటివాటి మొన తేలిగ్గా ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లగ్గు పెట్టిన రంధ్రం గుండా తిరిగి రాదు. బలవంతం చేస్తే మొన విరిగి లోపల పడుతుంది, ఒక్కోసారి సిలిండర్ హెడ్డే విప్పాల్సి వస్తుంది. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు, ఓపికగా అటూ ఇటూ కదుపుతూ తీయడమే పద్ధతి.

బటన్ పక్షంవాళ్ల మాటలోనూ సత్తువ ఉంది. కంట్రోలర్ ఖరీదు, బటన్ చవక. పైగా ఏళ్ల తరబడి దానితోనే బండి నడుపుతున్న రైతులున్నారు. కానీ బటన్ కొలవదు. వేడెక్కిన ఇంజను మీద ఎవరో అలవాటు కొద్దీ పదిహేను సెకన్లు నొక్కి పట్టినా ఆపే దిక్కుండదు. ప్లగ్గు పోయిందన్న కబురూ అందదు. ఎప్పుడూ ఒక్కరే నడిపే బండికి బటన్ సరిపోవచ్చు. చేతులు మారే బండికి అది నష్టం. పెట్టక తప్పదంటే, వేలు తీయగానే ఆగిపోయే స్ప్రింగు బటనే పెట్టాలి.

ప్లగ్గులూ కంట్రోలరూ బాగున్నా స్టార్టు కాకపోతే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది కానీ అంటుకోవడం లేదు, అంటే వేడి చాలలేదు, లేదా బ్యాటరీలు బలహీనపడి ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. పొగే లేకపోతే డీజిలే రావడం లేదు. రాత్రి రిటర్న్ లైన్లలో గాలి చొరబడి ఉండొచ్చు. ఇక ఈథర్ స్ప్రే కొట్టి లేపే పని మాత్రం చేయకండి. ఎర్రగా కాలిన ప్లగ్గు తగిలితే ఆ ఆవిరి వేళగాని వేళ పేలుతుంది, పిస్టన్ రింగులు విరుగుతాయి.