సెలవుల్లో ఖాళీ చేపతొట్టి - మనం మరిచిపోయే ప్రాణులు

మన హాస్టలు స్టడీ హాల్లో ఉన్న చేపల తొట్టి అందరికీ తెలిసిందే. మన పూర్వ విద్యార్థి అన్నలు ఇచ్చి వెళ్లిన తొట్టి అది. కిందటేడు బడి తెరిచిన వారంలోనే అందులోని చేపలన్నీ చనిపోయాయి. మేత ఎక్కువైందని కొందరు, బోరు నీళ్లు పడలేదని కొందరు అన్నారు. రెండూ కాదు. తప్పు మాదే. అదీ శుభ్రం చేయబోయి చేసిన తప్పు. మళ్లీ ఎవరూ అలా చేయకూడదని పదో తరగతి వాళ్లం ఈ వ్యాసం రాస్తున్నాం.

జరిగింది ఇది. వేసవి సెలవులకు ముందు చేపలను ఊళ్లో ఉండే ఒక స్నేహితుని ఇంట్లో ఉంచాం. ఖాళీ తొట్టిని బ్లీచింగ్ పౌడరుతో కడిగాం. ఫిల్టరులోని స్పాంజిని గట్టిగా పిండి మేడ మీద ఎండబెట్టాం. జూన్‌లో వచ్చి, తళతళలాడుతున్న తొట్టిలో కొత్త నీళ్లు పోసి చేపలను వదిలాం. మూడో రోజు అవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. ఆరో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఆరో తరగతి తమ్ముళ్లు కాస్మెటిక్ చార్జీల్లో మిగుల్చుకున్న డబ్బుతో కొన్న రెండు మోలీలు కూడా పోయాయి. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడలేకపోయాం.

తొట్టిలో ఏం జరుగుతుంది?

చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత కుళ్లడం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపల మొప్పలను దెబ్బతీసే విషం. స్పాంజిలో, గులకరాళ్ల మీద, తొట్టి గోడల మీద ఉండే ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. అది రక్తంలో చేరితే ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోయి చేపలు ఊపిరాడక పైకి వస్తాయి. మరొక రకం బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటుతో హాని చాలా తక్కువ. అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే చాలు.

ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు. రెండు పనులనూ ఒక్కటే చేయగల బాక్టీరియా కూడా ఉన్నదని 2015లో తెలిసింది. మన నాన్నలు పొలంలో చల్లే యూరియాను పైరు తీసుకునే నైట్రేటుగా మార్చేది కూడా నేలలోని ఇలాంటి బాక్టీరియాయే. వాటి వేగం తగ్గించడానికే యూరియాకు వేపనూనె పూస్తారు. కాబట్టి నీళ్లు శుభ్రపడతాయని తొట్టిలో వేపాకు వేయకండి.

పాలకు తోడు ఎలాగో తొట్టికి ఈ బాక్టీరియా అలాగ. కానీ ఒక తేడా ఉంది. వెచ్చగా ఉంటే పెరుగులోని బాక్టీరియా ఒక రాత్రిలో గిన్నెడు పాలను తోడుపెడుతుంది. ఇవి రెట్టింపు కావడానికే ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మేము కడిగి ఎండబెట్టింది మురికిని కాదు, తోడును!

అవి దేనికి చస్తాయి?

చేపలు లేకపోతే ఆహారం లేక అవి చస్తాయని మేమూ అనుకున్నాం. నిజానికి ఆకలికి అవి అంత తొందరగా చావవు. పని తగ్గించుకుని కొన్ని వారాలు ఓర్చుకుంటాయి. వాటికి అసలు శత్రువులు నాలుగు: ఎండిపోవడం, గాలి ఆడకపోవడం, ఎక్కువ వేడి, బ్లీచింగ్. మన మార్కాపురం, గిద్దలూరు వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ బాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి.

మన బోరు నీళ్లను అందరూ తిడతారు. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తాగడానికి అవి మంచివి కావు, నిజమే. కానీ అందులోని సున్నపు గుణం ఈ బాక్టీరియాకు మేలు చేస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి సుమారు 7 గ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారగుణం ఖర్చవుతుంది. గప్పీలు, మోలీలు కూడా ఇలాంటి గట్టి నీటిని ఇష్టపడతాయి.

సెలవులకు ముందు ఏం చేయాలి?

1. తొట్టిని ఖాళీ చేయవద్దు. నీళ్లు ఉంచి, కిటికీ ఎండ పడని చోట పెట్టి, ఫిల్టరు నడుస్తూ ఉండాలి. మెయిన్ స్విచ్ ఆపేసే ముందు వార్డెన్ గారికి చెప్పి ఆ ఒక్క ప్లగ్గుకు కరెంటు ఉంచమని అడగాలి.

2. మూడు రోజులకొకసారి చిటికెడు మేత వేయాలి. అది కుళ్లి పుట్టే అమ్మోనియాయే బాక్టీరియాకు భోజనం. ఎక్కువ వేస్తే నీళ్లు పాడవుతాయి.

3. ఆవిరైన మేరకు నీళ్లు పోయాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒక రోజంతా బకెట్లో మూత లేకుండా ఉంచి పోయాలి.

4. కరెంటు చాలాసేపు పోతే స్పాంజిని ఫిల్టరు డబ్బాలోంచి తీసి, తొట్టి నీళ్లే కొన్ని పోసిన వెడల్పాటి పళ్లెంలో ఉంచాలి. మూసిన డబ్బాలో గాలి అయిపోయి కుళ్లువాసన వస్తుంది.

5. కరెంటు అసలు ఉండదంటే స్పాంజిని చేపలతోపాటు పంపించడమే అన్నిటికన్నా మంచిది. అక్కడి తొట్టిలో అదీ బతుకుతుంది. అదీ కుదరకపోతే తడి స్పాంజిని కొంచెం తొట్టి నీటితో కవర్లో వేసి ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో కాదు. అన్నీ బతకవు, కానీ తోడుకు కొన్ని మిగలవచ్చు.

తిరిగి వచ్చాక

స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. తొట్టి నీటిలోనే మెల్లగా ముంచి తీయాలి. పావు వంతు నీళ్లు మార్చి, మొదట రెండు చేపలనే వదలాలి. వారం రోజులు మేత తక్కువ వేస్తూ గమనించాలి. అవి పైకి వచ్చి నోరు తెరిస్తే వెంటనే కొంత నీరు మార్చాలి. బాగుంటే కొద్దికొద్దిగా మిగతావి వదలాలి. పాత గులకరాళ్లు, మన మార్కాపురం పలకరాయి ముక్కలు తొట్టిలోనే ఉండనివ్వండి. వాటి మీద కూడా బాక్టీరియా కాపురం ఉంటుంది.

కిందటేడు చేపలు పోయాక ఊళ్లో ఒక ఇంటి తొట్టి నుంచి పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చుకున్నాం, పక్కింట్లో తోడు అడిగినట్లే. దానితోనే ఇప్పుడు తొట్టి నడుస్తోంది. ఈ సెలవులకు మేత డబ్బా వాచ్‌మన్ తాతకు ఇస్తున్నాం. "చేపలే లేవు గదరా, మేత ఎవరికి?" అని తాత నవ్వాడు. కారణం చెప్పాక గోడ మీద రోజులు గీసుకుంటానన్నాడు.

మేము ఇక జూన్‌లో తిరిగి రాము. తొమ్మిదో తరగతి తమ్ముళ్లారా, తొట్టి మీది, స్పాంజి మీది. మురికిగా కనబడిందని మాత్రం కడిగేయకండి.