చెమ్మ ఊరే కుండ

“మా అమ్మాయికి ఆరో నెల దాటీ దాటగానే కాన్పయింది. బిడ్డ ఒళ్లయినా తుడవకుండా మెడదాకా ప్లాస్టిక్ సంచిలో పెట్టేశారు. చలి తగలకుండా అట. ప్లాస్టిక్‌లో వెచ్చదనం ఎక్కడిది? నువ్వుల నూనె రాస్తానంటే మాత్రం వద్దన్నారు” అని ఒక అమ్మమ్మగారు ఉత్తరం రాశారు. ఈ నెలకి అనుకున్న వ్యాసం పక్కన పడేశాను.

ప్లాస్టిక్‌లో వెచ్చదనం లేదమ్మా. జవాబు మీ మంచినీళ్ల కుండలో ఉంది. గోడలోంచి చెమ్మ ఊరి ఆవిరవుతుంది. ఒక్కో గ్రామూ పోతూ పోతూ దాదాపు 580 కేలరీల వేడిని లాక్కుపోతుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి.

నెలలు నిండని బిడ్డ ఒళ్లూ అలాంటి కుండే. మన చర్మం మీద చచ్చిన కణాల పొర ఒకటుంటుంది. తల దువ్వితే పొట్టుగా రాలేది అదే. ఆ కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. నిండు నెలల బిడ్డకు పది నుంచి ఇరవై వరసలుంటాయి. 30 వారాలకు రెండో మూడో. 24 వారాలకు దాదాపు ఏమీ ఉండదు. అందుకే చర్మం తడితడిగా మెరుస్తూ, నరాలు పైకి కనిపిస్తాయి.

స్వీడన్‌లోని ఉప్సాలాలో హామర్లుండ్, సెడిన్ అనే డాక్టర్లు 1979లో చర్మంలోంచి పోయే ఈ ఊటను కొలిచి ప్రకటించారు. నిండు నెలల బిడ్డకు చదరపు మీటరుకు గంటకు ఆరేడు గ్రాములు. 25 వారాల బిడ్డకు 60 దాకా! ముప్పావు కిలో బిడ్డ ఒళ్లు సుమారు 0.08 చదరపు మీటరు. గుణించి చూడండి, రోజుకు 115 గ్రాములు. బరువులో ఏడో వంతు గాల్లో కలిసిపోతుంది, వేడి సంగతి సరేసరి. సంచిలోని గాలి తేమతో నిండిపోయాక మాత్రం ఆవిరికి చోటుండదు. తుడవకపోవడం అశ్రద్ధ కాదు, ఆ తడే కావాలి. తల ఒక్కటీ తుడిచి టోపీ పెడతారు. తర్వాత ఇంక్యుబేటర్లో తేమ పెంచడమూ ఇందుకే.

లోపలి నీళ్లు పోయే దారిన బయటి సరుకూ లోపలికొస్తుంది. ఇది తెలియక పెద్ద పెద్ద డాక్టర్లే బోల్తాపడ్డారు. సూక్ష్మజీవులు చస్తాయని పసివాళ్లకు హెక్సాక్లోరోఫీన్ అనే మందుతో స్నానాలు చేయించారు. నెలలు నిండనివాళ్ల మెదడులో బుడగల్లాంటి ఖాళీలు తేలాయి. 1972లో ఫ్రాన్సులో అదే మందు పొరపాటున మోతాదు మించి కలిసిన పౌడరు వల్ల 36 మంది పసిపిల్లలు చనిపోయారు. అంతకు చాలా ముందు, 1886లో, పొత్తిగుడ్డల మీద కొట్టిన ముద్రల అనిలిన్ రంగు చర్మంలోకి దిగి పసివాళ్లు నీలంగా మారారు.

ఇక మీ నూనె. ఢాకాలో పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆస్పత్రి ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అమెరికాలో మరీ చిన్న బిడ్డలకు ఒక ఆయింట్‌మెంట్ రాస్తే పెరిగాయి. నువ్వుల నూనె ఈ రెండిట్లోనూ లేదు, కాబట్టి సీసా ఇంట్లోనే ఉంచండి.

నా గొణుగుడల్లా బిడ్డ ఒంటికి అంటించే టేపు మీద. ఈ వయసులో పైచర్మం కిందిదాన్ని పట్టుకున్నదానికంటే టేపునే గట్టిగా పట్టుకుంటుంది. విసురుగా లాగితే చర్మమే ఊడొస్తుంది. నర్సమ్మ దాన్ని తడిపి, వెనక్కి మడిచి, చర్మానికి ఆనించి కొంచెం కొంచెంగా తీస్తుంటే తొందరపెట్టకండి.