గవాచి వెలుతురులో గంజు

ఫోటోగ్రఫీ గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలే తక్కువ. వచ్చినా అవి కరువు ఫోటోల గురించి, ఊరేగింపుల ఫోటోల గురించి వస్తాయి. 1943 బెంగాల్ కరువును కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం ఫోటోలు తీసిన సునీల్ జానా పేరు మనవాళ్ళకు తెలుసు. మంచిదే. కాని ఒక గిన్నెనో, ఒక చెంబునో, పొయ్యి పక్కన ఆనించిన పెంకనో ఎవరైనా ఫోటో తీస్తే అది తీరిక ఉన్నవాళ్ళ విలాసమనీ, ఉత్త రూపవాదమనీ తీసిపారెయ్యడం మనకు అలవాటైపోయింది. ఈ మాట సగమే నిజం. ఎంతవరకు నిజమో తేల్చుకోకపోతే నష్టం ఫోటోగ్రాఫర్లకు కాదు, కథలు రాసే మనకు. ఎందుకంటే మన కథల్లో వంటిల్లు ఉంది గాని, అందులో వెలుతురు లేదు. చీకటీ లేదు. "ఆమె వంటింట్లోకి వెళ్ళింది" అని రాసేస్తాం. అక్కడ ఆమెకు ఏం కనిపిస్తుందో, ఏది కనిపించకుండానే చేతితో తడిమి తీసుకుంటుందో రాయం.

ఇంగ్లీషువాడు ఈ రకం చిత్రాన్ని స్టిల్ లైఫ్ అన్నాడు. ఫ్రెంచివాడు 'చచ్చిన ప్రకృతి' అన్నాడు. మనం నిశ్చల చిత్రం అంటున్నాం. మూడు పేర్లూ నాకు తృప్తినివ్వవు. బోర్లించిన గంజు నిశ్చలంగా ఏమీ లేదు. రెండు పనుల మధ్య కాసేపు ఆగి ఉంది, అంతే.

వికారాబాదు నుంచి తాండూరు దాకా రైలు దారికి అటూ ఇటూ ఉన్న పాత ఊళ్ళల్లో ఇండ్లు చూడండి. గోడ రాయి, నేల రాయి, అరుగు రాయి, గోడలో గిన్నెలు పెట్టుకునే అర కూడా రాయి. ఇక్కడి నేలలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పలకలుగా లేస్తుంది. బయటివాళ్ళు తాండూరు బండ అంటారు, ఇక్కడివాళ్ళు ఫర్సి అంటారు. నీలం కలిసిన బూడిద రంగుది ఒకటి, పసుపుది ఒకటి. ఇలాంటి పాత ఇండ్లల్లో వంట అర్రకు చాలాచోట్ల కిటికీ ఉండదు. వెలుతురు వచ్చేది కప్పులో వదిలిన గవాచి నుంచి. పొగ పోయేదీ అందులోంచే. రెండూ ఒకే దారిలో ఎదురెదురుగా నడుస్తాయి. పొయ్యి మండే వేళ ఆ ఎండ పొగలో కట్టెలాగా నిలబడి కనిపిస్తుంది. దీన్ని చూసి ముచ్చటపడే ఫోటోగ్రాఫరు, ఆ కట్టె కనిపిస్తున్నదంటే అక్కడ కూచున్న మనిషి పొగ మింగుతున్నదని కూడా తెలుసుకోవాలి.

ఈ ప్రాంతం 17 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు గవాచి ఎండ నిట్టనిలువుగా దిగి నేల మీద పడుతుంది. డిసెంబరు ఆఖరులో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కప్పు పదడుగుల ఎత్తుంటే ఆ వెలుగు మరక గవాచికి సూటిగా కింద కాక, సుమారు ఎనిమిదిన్నర అడుగులు ఉత్తరాన పడుతుంది. అర్ర చిన్నదైతే ఉత్తరపు గోడకెక్కి, అక్కడి అరలో ఉన్న చెంబునూ గిలాసలనూ ముట్టుకుంటుంది. అంటే ఏడాదిలో కొన్నాళ్ళే ఎండ చూసే గిన్నెలున్నాయి ఆ ఇండ్లల్లో. "గవాచి ఎండ పొయ్యి మీద పడింది" అని రాసే కథకుడికి అది ఏ నెలో, ఏ పొద్దో తెలిసి ఉండాలంటాను. వాస్తవికత అనే మాటను అంత ఉదారంగా వాడే మనం ఈపాటి లెక్కకు బద్ధకించడం న్యాయం కాదు.

ఇక నీడ సంగతి. నీడ అంచు పదునుగా ఉండడానికీ, చెదిరి మెత్తగా ఉండడానికీ కారణం వెలుతురు బలమని చాలామంది అనుకుంటారు. బలం కాదు, వెడల్పు. గిన్నె ఉన్న చోటి నుంచి చూస్తే వెలుతురు వచ్చే జాగా ఎంత వెడల్పుగా కనిపిస్తుందో, నీడ అంచు అంత మెత్తబడుతుంది. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. అందుకే ఎండలో నీడ కత్తితో కోసినట్టుంటుంది. మబ్బు పట్టిన రోజు తెరిచిన తలుపు దగ్గర పెడితే అదే గిన్నె నీడ కరిగిపోతుంది. ఎండ నేరుగా దిగని వేళ గవాచి ఈ రెంటికీ మధ్య ఉంటుంది. గిన్నె పైభాగం తేలుతుంది, పొట్ట చీకట్లోకి జారిపోతుంది. ఫర్సి నేల కొంత వెలుతురును తిరగ్గొట్టి కింది నుంచి అందిస్తుంది గనుక అడుగు అంచు మాత్రం సన్నగా మళ్ళీ తెలుస్తుంది. పేడతో అలికిన మట్టి నేల మీద ఆ అంచు అంతగా తెలియదు.

వస్తువుల స్వభావం కూడా చూడాలి. మట్టి కుండ వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. దాని గుండ్రం తెలియాలంటే వెలుతురు పక్క నుంచి రావాలి. స్టీలు గిలాస అలా కాదు. అది తనను తాను చూపించదు, తన ఎదుట ఉన్నవాటిని చూపిస్తుంది. తలుపును, తలుపులో నిలబడ్డ మనిషిని, ఒక్కోసారి ఫోటో తీస్తున్నవాణ్ణి కూడా. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అల్యూమినియం గంజు. ఏళ్ళ తరబడి బూడిదతో, పీచుతో తోమగా దాని మీద సన్నని గీతలు గుండ్రంగా పడి ఉంటాయి. అలాంటి గీతల మీద పడ్డ వెలుతురు చుక్కగా నిలవదు, గీతలకు అడ్డంగా ఒక చారగా సాగుతుంది. గంజు కొత్తదైతే ఆ చార ఉండదు. అంటే తోమిన చెయ్యి ఎటు తిరిగిందో, ఎన్నాళ్ళు తిరిగిందో ఆ వెలుగు చార చెబుతుంది. శ్రమ వస్తువులో నిక్షిప్తమై ఉంటుందని మనం పుస్తకాల్లో చదివి అప్పజెబుతుంటాం. ఇక్కడ అది కంటికే కనిపిస్తున్నది.

మరి కెమెరా ఇదంతా ఉన్నదున్నట్టు పట్టుకుంటుందా? పట్టుకోదు. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నది ఏదైనా సగటున బూడిద రంగేనని లెక్కకడుతుంది. మసి పట్టిన గోడ చూపితే ఇంకా వెలుతురు కావాలంటుంది, మసిని బూడిద చేస్తుంది. తళతళలాడే స్టీలు సామాను చూపితే ఇంత వెలుతురు వద్దంటుంది, దాన్నీ బూడిద చేస్తుంది. పేదిల్లూ కలవారిల్లూ దాని దృష్టిలో ఒకే రంగు. ఇలాంటి విమర్శకులు మనలోనూ ఉన్నారు. మసి మసిగా రావాలంటే మీటరు చెప్పినదానికన్నా తక్కువ వెలుతురు ఇవ్వాలి. అంటే కావాలని యంత్రం మాట కాదనాలి.

ఇంకో చిక్కు ఉంది. బయట నడిఎండలో 100 స్పీడు ఫిల్ముకు, ఎఫ్ 8 దగ్గర సెకనులో 400వ వంతు సరిపోతుంది. చీకటి వంట అర్రలో అదే ఎఫ్ 8కి మూడు సెకన్లు పట్టవచ్చు. వెయ్యి రెట్లకు పైగా తేడా. కెమెరాను చేత్తో పట్టుకుంటే కుదరదు, ఏ బండ మీదనో పెట్టాలి. ఆ మూడు సెకన్లలో గంజు నిలకడగా ఉంటుంది. రొట్టె కొట్టే చెయ్యి మాత్రం మసకైపోతుంది, లేదా మాయమైపోతుంది. 1838లో డాగేర్ పారిస్ వీధిని ఫోటో తీస్తే బండ్లూ మనుషులూ అందరూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకడూ, అతని కాళ్ళ దగ్గర పనిచేస్తున్నవాడూ మాత్రమే మిగిలారు. వంటింటి ఫోటోల్లో సామాను ఉండి మనిషి లేకపోవడానికి కళాదృష్టి ఒక్కటే కారణం కాదు, చీకటి కూడా కారణం. ఆ చీకటి ఎవరు కట్టిన ఇంటిదో, ఆ ఇంట్లో ఏ అర్రకు కిటికీ దక్కిందో ఆలోచించండి.

నిశ్చల చిత్రం ఫోటోగ్రఫీ అంత పాతది. 1844లో టాల్బట్ తెరిచిన తలుపుకు ఆనించిన చీపురును ఫోటో తీశాడు. 1916లో అమెరికాలో పాల్ స్ట్రాండ్ మామూలు వంటింటి గిన్నెలను అతి దగ్గరగా తీసి, అంచులూ నీడలూ తప్ప మరేం మిగలకుండా చేశాడు. తర్వాత అతడే వామపక్ష సినిమాలు తీశాడన్నది రూపవాదం అనగానే తలుపు వేసుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి. 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక మిరపకాయను (మన బుట్ట మిరపకాయ జాతిది) రేకు గరాటులో పెట్టి తీశాడు. వెలుతురు గరాటు గోడల మీద పడి నలువైపుల నుంచీ కాయను తడిమింది. కాయ ప్రపంచ ప్రసిద్ధమైంది, గరాటును ఎవరూ తలుచుకోరు. వంటింట్లో పని చేసింది గరాటే కదా!

వాల్టర్ బెంజమిన్ 1934లో చేసిన విమర్శ ఇక్కడే గుర్తు చేసుకోవాలి. జర్మనీలో రెంగర్-పాచ్ 1928లో వేసిన ఫోటోల పుస్తకం పేరు 'ప్రపంచం అందమైనది'. ఈ రకం ఫోటోగ్రఫీ దరిద్రాన్ని కూడా చూసి ఆనందించే సరుకుగా మార్చేసిందని బెంజమిన్ అభ్యంతరం. ఇది న్యాయమైన అభ్యంతరం. సొట్టపడ్డ గంజును పట్నంలో హోటలు గోడకు తగిలించుకునే రోజులివి. అయితే దీనికి విరుగుడు వస్తువుల పక్కన కొడవలి పెట్టడం కాదు. 1927లో మెక్సికోలో టీనా మొదొత్తి మొక్కజొన్న కంకి, కొడవలి, తూటాల పటకా కలిపి తీసింది. ఆమె కమ్యూనిస్టు, నిజాయితీ గల కళాకారిణి. ఆ చిత్రం మంచి నినాదం. కాని అందులో నీడకు పని లేదు. నీడకు పని లేని చోట చూసేవాడికీ పని ఉండదు.

నాకు ఎక్కువ పనికొచ్చిన ఉదాహరణ వాకర్ ఎవాన్స్. 1936లో అలబామా కౌలురైతుల ఇండ్లల్లో తీసిన ఫోటోల్లో ఒకటి వంటింటి గోడ. గోడకు అడ్డంగా కొట్టిన చెక్క, దానికి గుచ్చిన చెంచాలూ ఫోర్కులూ. అంతే. మనిషి లేడు, కాని ఆ ఇంట్లో అల్మారా లేదని తెలుస్తుంది, ఉన్న నాలుగు చెంచాలనూ ఎవరో ఒక పద్ధతిలో పెట్టుకుంటున్నారని తెలుస్తుంది. ఆ పద్ధతి ఆ ఇంటావిడది. ఫోటో కూర్పులో సగం ఆమెదే. అదే రోజుల్లో ఎవాన్స్ తీసిన ఇంకో ఫోటోలో పొయ్యిగూటి మీద ఒక అలారం గడియారం ఉంది. అతని తోటి రచయిత జేమ్స్ ఏజీ 1941 నాటి పుస్తకంలో ఆ ఇంటి సామాను ఒక్కొక్కటే రాశాడు, అందులో గడియారం లేదు. ఎవాన్సే తెచ్చిపెట్టాడా అని తర్వాత పెద్ద వాదం నడిచింది. వస్తువును జరిపితే అబద్ధమా? కథకుడు రోజూ జరుపుతూనే ఉంటాడు. జరపడంలో తప్పు లేదు గాని, ఎవరి పద్ధతిని చెరిపి జరుపుతున్నామో తెలిసి జరపాలి. గంజును వంట అర్రలోంచి వసారాలోకి తెచ్చి, వెనక తెల్ల గుడ్డ కట్టి తీస్తే చిత్రం శుభ్రంగా వస్తుంది. వంటిల్లు పోతుంది.

ఈ పని తెలుగులో కవిత్వం, కథ ముందే చేశాయి. విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదివినవాళ్ళు వంటింటిని ముచ్చటైన చోటుగా చూడలేరు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన మనిషి ఆ కథలో ఉంది. మసకైపోయిన చెయ్యి అని ఇందాక నేనన్నది అదే.

ఇప్పుడు ఫోటోలు తీసేది మా విద్యార్థులు, ఫోన్లతో. ఈ ఫోన్లు చీకట్లో ఒకదాని తర్వాత ఒకటిగా అనేక ఫ్రేములు తీసి కలిపి, నీడలను పైకెత్తి చూపిస్తాయి. మసి గోడ కాఫీ రంగుకు తిరుగుతుంది, మూలలన్నీ కనిపిస్తాయి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు పొట్లాల మీది బొమ్మలు చూడండి, తెల్లటి నేపథ్యం, ఎక్కడా నీడ లేదు. ఆ పప్పు ఏ ఇంట్లోనూ లేదు. నీడను తుడిచెయ్యడం పాతకాలపు ప్రకటనల విద్య, ఇప్పుడది ప్రతి చేతిలోకీ వచ్చింది. అందుకని పిల్లలకు తెలుగు పాఠంలోనే, వర్ణన రాయించే ముందు, ఫోన్లో వెలుతురును వేలితో కిందికి దించి ఫోటో తియ్యమని చెబుతుంటాను. కంటికి కనిపించనిది ఫోటోలోనూ కనిపించకూడదు.

పదో తరగతి అమ్మాయి ఒకతె తమ నాయనమ్మ ఇంట్లో ఇసుర్రాయిని తీసుకొచ్చి చూపించింది. ఫ్రేములో రాయి సగమే ఉంది. చుట్టూ చీకటి, దిగువన చెదిరిన నాలుగు కంది బేడలు. సగం తెగిన రాయి బాగాలేదని, సరిగ్గా మధ్యకు తీసుకురమ్మని నా తోటి ఉపాధ్యాయుడు అన్నాడు. అలాగే ఉండనిమ్మన్నాను నేను. చీకట్లో ఎలా తిప్పుతుందని నాయనమ్మను అడిగావా అంటే, "ఏడ ఏమున్నదో చేతులకెరుకే గదా బిడ్డా, కండ్లతోని పనేంది" అన్నదట. ఫోటోలో బాగా మెరుస్తున్నది రాయి కాదు, దానికి దిగ్గొట్టిన కర్ర. ఆ మెరుపు కర్ర చుట్టూ లేదు, అరచెయ్యి ఆనే వైపు మాత్రమే ఉంది.